పాత మెకానికల్ పంపు ట్రక్కు: చలి స్టార్టింగ్‌లో తెల్ల పొగ. పంపా, కంప్రెషనా?

సెకండ్ హ్యాండ్ డీజిల్ ట్రక్కు చూస్తున్నాను. ఈసీఎమ్ (ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్) ఉన్న కొత్త మోడళ్లు వద్దనుకున్నా. ఒక్క సెన్సర్ మొరాయిస్తే బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించుకుని మెల్లగా మాత్రమే నడిచే స్థితి) పోవచ్చు, స్కానర్ లేకుండా మనం చేసేదేం ఉండదు. అందుకే మెకానికల్ ఇంజెక్షన్ పంపు ఉన్న నాలుగు సిలిండర్ల పాత బండి దగ్గర ఆగాను.

రాత్రంతా ఆపి ఉంచితే, పొద్దున 15 సెకన్లకు పైగా సెల్ఫ్ కొడితే గాని అందుకోదు. అందుకున్నాక రెండు మూడు నిమిషాలు తెల్ల పొగ, కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసన. వేడెక్కితే పొగ మాయం, తాళం తిప్పగానే స్టార్టవుతుంది. కూలెంట్ తగ్గడం లేదు.

డీజిల్ ఫిల్టర్ మార్చాం, హ్యాండ్ ప్రైమర్‌తో ఎయిర్ తీశాం. గ్లో ప్లగ్‌లు (చలి స్టార్టింగ్‌కి సిలిండర్ లోపల వేడిచేసేవి) విప్పి బ్యాటరీకి తగిలిస్తే అన్నీ ఎర్రగా కాలుతున్నాయి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 10.5 వోల్టుల కిందికి దిగలేదు. ఇంజెక్టర్లు టెస్ట్ బెంచి మీద బాగానే ఉన్నాయి. అయినా తేడా లేదు. ఆయిల్ మూత తీస్తే కాస్త పొగ వస్తోంది; పాత ఇంజన్‌కి మామూలే అంటాడు ఓనర్ (అమ్మేవాడు అనక ఏమంటాడు!). కంప్రెషన్ గేజ్ (సిలిండర్‌లో గాలి ఎంత గట్టిగా నొక్కుకుంటోందో కొలిచేది) పెడదామంటే ఈ ఇంజన్‌కి సరిపోయే అడాప్టర్ దొరకలేదు.

పంపు టైమింగ్ వెనక్కి జరిగిందంటే (డీజిల్ ఆలస్యంగా చిమ్ముతోందంటే) కొంటాను, కంప్రెషన్ పడిపోయిందంటే వదిలేస్తాను. గేజ్ లేకుండా, హెడ్ విప్పకుండా ఈ రెండింటిలో ఏదో తేల్చే పరీక్ష ఏది?