మొదటి టెలిస్కోప్: 8 అంగుళాల గొట్టమా, 80 మి.మీ. అపోక్రోమాటా?

ప్రశ్న:
నమస్కారం. నా దగ్గర ఏపీఎస్-సి సెన్సార్, 3.9 మైక్రాన్ల పిక్సెళ్లు గల డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా ఉంది. ఇంతకాలం ట్రైపాడ్ మీద పాలపుంతను మాత్రమే తీశాను. ఇప్పుడు ఆండ్రోమెడా గెలాక్సీని, ఓరియన్ నీహారికను తీయాలన్న కోరికతో 2032 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) గల 8 అంగుళాల వ్యాసపు ష్మిట్-కాసెగ్రెయిన్ (అద్దాలతో పనిచేసే పొట్టి గొట్టపు) టెలిస్కోప్ కొనాలనుకుంటున్నాను. అనుకున్న డబ్బులో ఎక్కువ భాగం గొట్టానికే పోతుంది కనుక మౌంటు (గొట్టాన్ని మోస్తూ ఆకాశం వెంట తిప్పే పీఠం) విషయంలో సర్దుకోవలసి వస్తుంది. ఇది సబబేనా? ప్రత్యేక ఖగోళ కెమెరా కూడా ఇప్పుడే కొనాలా?

సమాధానం 1:
సర్దుకోకూడని చోటనే మీరు సర్దుకోబోతున్నారు. మైక్రాన్లలో ఉన్న పిక్సెల్ పరిమాణాన్ని 206తో గుణించి, మి.మీ.లలో ఉన్న నాభ్యంతరంతో భాగిస్తే, ఒక్కో పిక్సెల్‌కు ఆకాశంలో ఎంత మేర వస్తుందో తెలుస్తుంది. మీ లెక్కన అది 0.4 ఆర్క్ సెకను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). వాతావరణంలోని అలజడి మామూలు రాత్రుల్లో నక్షత్ర బింబాన్ని 2 నుంచి 4 ఆర్క్ సెకన్ల మేర చెదరగొడుతుంది కనుక అంత సన్నని కొలత వల్ల ఒరిగేదేమీ లేదు; పైగా మౌంటు చేసే ప్రతి చిన్న పొరపాటూ నక్షత్రాన్ని గీతగా సాగదీస్తుంది. అదే కెమెరాను 480 మి.మీ. నాభ్యంతరం గల 80 మి.మీ. అపోక్రోమాట్‌కు (రంగులు చెదరకుండా చూపే కటకాల టెలిస్కోప్‌కు) తగిలిస్తే పిక్సెల్‌కు 1.7 ఆర్క్ సెకన్లు వస్తాయి, మౌంటు తప్పులు చాలావరకు అందులో కలిసిపోతాయి.

చట్రం సంగతీ చూడండి. 2032 మి.మీ. వద్ద మీ సెన్సార్‌కు దక్కేది సుమారు 0.66 డిగ్రీల పొడవు, 0.44 డిగ్రీల వెడల్పు. నిండు చంద్రుడే అందులో పూర్తిగా పట్టడు, మూడు డిగ్రీల ఆండ్రోమెడా ఎలా పడుతుంది? చిన్న గొట్టం కొని, మిగిలిన డబ్బును ఈక్వటోరియల్ మౌంటు (భూభ్రమణ అక్షానికి సమాంతరంగా తిరిగే పీఠం) మీద పెట్టండి. తయారీదారు చెప్పిన గరిష్ఠ బరువులో సగానికి మించి ఎక్కించకపోతే నిశ్చింతగా ఉండవచ్చు.

సమాధానం 2:
పై మాట నీహారికలకు సరిపోతుంది గాని గ్రహాలకు కాదు. గురుగ్రహ బింబం ఎంత దగ్గరికి వచ్చినా 50 ఆర్క్ సెకన్లే. అపోక్రోమాట్‌లో అది 30 పిక్సెళ్ల చుక్కగా మిగులుతుంది. వేలాది ఫ్రేముల వీడియో తీసి, వాటిలో మంచివి ఏరి పేర్చే ఆ పద్ధతిలో మౌంటు కచ్చితత్వం అంతగా అడ్డురాదు, 8 అంగుళాల గొట్టమే రాణిస్తుంది. మీ కోరిక వేరు కనుక ఇప్పటికి దాన్ని పక్కన పెట్టవచ్చు.

సమాధానం 3:
కెమెరా మార్చవలసిన అవసరం ఇప్పుడే లేదు. మామూలు డీఎస్‌ఎల్‌ఆర్‌లోని ఫిల్టర్ 656.3 నానోమీటర్ల హైడ్రోజన్-ఆల్ఫా వెలుగును (హైడ్రోజన్ వాయువు వెదజల్లే ఎర్రని కాంతిని) చాలావరకు ఆపేస్తుందన్నది నిజమే. అయితే ఆండ్రోమెడా వెలుగు ప్రధానంగా నక్షత్రాలది, ఓరియన్ నీహారిక ఎలాగూ మిక్కిలి ప్రకాశవంతమైనది. ఈ లోటు రోజెట్ వంటి ఎర్రని నీహారికల దగ్గరే బాధిస్తుంది.

గొట్టంతో పాటు ముందుగా కొనవలసినది ఫీల్డ్ ఫ్లాటెనర్, అంటే చిత్రం అంచుల దాకా నక్షత్రాలను చుక్కలుగా నిలిపే అదనపు కటకం. చాలా ఫ్లాటెనర్లకు సెన్సార్ 55 మి.మీ. దూరంలో ఉండాలి, నేను ఆ కొలత చూసుకోక, మూలల్లోని నక్షత్రాలు తోకచుక్కల్లా సాగుతుంటే నెల రోజులపాటు కటకాన్ని అనుమానించాను. ఫోకస్‌కు బాటినోవ్ మాస్క్ (గొట్టం ముందు తగిలించే చీలికల మూత), మంచుకు డ్యూ హీటర్ (కటకంపై తేమ చేరకుండా వెచ్చబరిచే పట్టీ) ఉంటే చాలు. గైడ్ కెమెరాను (ఒక నక్షత్రాన్ని గమనిస్తూ మౌంటు తప్పులు సరిదిద్దేదాన్ని), ఒక్కో ఎక్స్‌పోజర్‌ను రెండు మూడు నిమిషాలకు పెంచదలచినప్పుడు చూసుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలు. ముందుగా మౌంటు, ఆ తరువాత 80 మి.మీ. గొట్టం, ఫ్లాటెనర్ తీసుకుంటాను. గురుగ్రహం కొంతకాలం ఆగవలసిందే.