లేపాక్షి పైకప్పు బొమ్మలు: ఎడిటింగ్‌లో రంగు పెంచవచ్చా?

బాటసారి:
పోయిన నెల లేపాక్షి వెళ్లొచ్చి, వీరభద్రస్వామి గుడి నాట్యమండపం పైకప్పు ఫోటోలు పెట్టాను. "డల్‌గా ఉన్నాయి, కాస్త రంగు పెంచాల్సింది" అని కొందరు, "ఫోన్‌తో తీసినా ఇంతే కదా, కెమెరా మోయడం ఎందుకు" అని ఇంకొందరు అన్నారు. నా అభిప్రాయం చెప్తాను, మీరూ చెప్పండి.

ఆ బొమ్మలు 16వ శతాబ్దం నాటివి. రంగులు వెలిశాయి, సున్నపు పూత అక్కడక్కడ పెచ్చులూడింది. సాచురేషన్ (రంగుల గాఢత) పెంచేసి నిన్ననే వేసినట్టు చూపిస్తే, ఆ ఫోటో చూసి వచ్చినవాడు తలెత్తి చూసి "ఇంతేనా" అనుకుంటాడు. అది ఆ చిత్రకారులకు అన్యాయం.

కెమెరా సంగతంటారా, అది పురావస్తు శాఖ గుడి. ట్రైపాడ్‌కి ముందే అనుమతి తీసుకోవాలి. చేత్తో పట్టుకునే తీయాలి కాబట్టి ఏపీఎస్-సీ బాడీ (కాస్త చిన్న సెన్సర్ ఉన్న కెమెరా) మీద 35 ఎంఎం ఎఫ్1.8 లెన్స్ వేసుకెళ్లాను. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ లెన్స్‌లోకి వెలుతురు ఎక్కువ వస్తుంది. కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్‌ను అదే 35 ఎంఎం దగ్గర పెడితే ఎఫ్5 దగ్గర ఆగిపోతుంది. ఎఫ్1.8లో దానికి ఏడెనిమిది రెట్ల వెలుతురు వస్తుంది. ఆ చీకట్లో అదే కాపాడింది.

కొండగాలి:
అన్నా, లెన్స్ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఏపీఎస్-సీ మీద 35 అంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) లెక్కలో సుమారు 52, ఫ్రేములో పట్టేది తక్కువ. అర్ధమండపంలో అంత పెద్ద వీరభద్రుడి బొమ్మ దాంట్లో ఎలా పడుతుంది? నేను ఫోన్‌లో వైడ్ పెట్టి ఒక్క ఫ్రేములో తీశాను. నైట్ మోడ్ వరసగా ఎన్నో ఫ్రేములు తీసి కలుపుతుంది కాబట్టి నాయిస్ (చీకట్లో వచ్చే చుక్కల గరుకు) కూడా లేదు. అమ్మానాన్నలతో, పిల్లలతో వెళ్లినప్పుడు రెండు లెన్సులు మార్చుకుంటూ కూర్చుంటే వాళ్లకి విసుగు పుడుతుంది. ప్రయాణమంటే వాళ్లు కూడా కదా.

నిశ్చల:
నాది ఎడిటింగ్ గురించి. అసలు ఎడిట్ చేయని ఫోటో ఉంటుందా? అమెరికా ఫోటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ 1941లో న్యూ మెక్సికోలో తీసిన చంద్రోదయం ఫోటోకి, తర్వాతి ప్రింట్లలో ఆకాశాన్ని డార్క్‌రూమ్‌లో దాదాపు నల్లగా చేశాడు. దాన్ని మోసం అంటామా? ఫోన్ తయారుచేసి ఇచ్చే జేపెగ్ ఫోటో కూడా ఫోన్ చేసిన ఎడిటే. నేను ఇంకాస్త ఎరుపు కలిపితే తప్పేంటి, బాటసారి గారూ? నాకు ఆ పైకప్పు కింద కలిగిన అనుభూతి అది.

బాటసారి:
నిశ్చల గారూ, ఎడిటింగే వద్దని నేను అనలేదు. నేనూ రా ఫైలే (సెన్సర్ పట్టినదాన్ని అలాగే దాచే ఫైలు) తీస్తాను. 14 బిట్ రాలో ఒక్కో రంగుకి 16,384 స్థాయిలుంటాయి, జేపెగ్‌లో 256. నీడల్లో ఉన్న బొమ్మను పైకి తేవాలంటే అది కావాలి. ఆడమ్స్ విషయం ఒప్పుకుంటున్నాను, కానీ ఆయనది నలుపు తెలుపు. అది లోకం రంగు కాదని చూసేవాడికి ముందే తెలుసు. 1982 ఫిబ్రవరి నేషనల్ జియోగ్రాఫిక్ కవర్ మీద గీజా పిరమిడ్లను నిలువు ఫ్రేములో పట్టించడానికి దగ్గరికి జరిపారు. చూసినవాళ్లు అవి అలాగే ఉంటాయని నమ్మారు. నా భయం అలాంటి నమ్మకం గురించే.

కొండగాలి తమ్ముడూ, వైడ్ మాట నిజమే. ఆ బొమ్మను నేను ముక్కలు ముక్కలుగా తీసి అతికించాను, అంచుల్లో గీతలు కుదరలేదు. వైడ్‌కి నీ ఫోనే మేలు.

మగ్గంఇల్లు:
మాది ధర్మవరం. ఫోటోగ్రఫీ నాకు తెలియదు, జరిగింది చెప్తాను. లతామండపం స్తంభాల తీగలూ పైకప్పు బొమ్మల చీరలూ చూసి మా దగ్గర అంచులు నేస్తారు. రెండేళ్ల క్రితం ఎవరో పెట్టిన పైకప్పు ఫోటో చూసి, ఆ ఎరుపే కావాలని పట్టు చిలపలకి రంగు వేయించాం. నేసిన అంచు పట్టుకుని గుడికి వెళ్లి తలెత్తి చూస్తే, అక్కడున్నది ఇటుకపొడి లాంటి ఎరుపు. మా చేతిలోది కుంకుమ. మా నాన్న ఏమీ అనలేదు, అంచు మడిచి సంచిలో పెట్టేశారు. ఆ ఫోటో పెట్టినవాళ్లకి మా సంగతి తెలిసే అవకాశం లేదు. కానీ రంగు పెంచామని ఒక్క ముక్క రాసి ఉంటే మేం ముందే ఆగేవాళ్లం.

నిశ్చల:
ఇది నాకు తోచలేదండీ. నా ఫోటోల్లో నా రంగు మానుకోను, ఇక నుంచి కింద రాస్తాను. అసలు రంగు కావాలనుకునేవాళ్లు ఏం చేయాలో బాటసారి గారు చెప్పండి.

బాటసారి:
మండపంలో పక్కల నుంచి పగటి వెలుతురు, లోపల పసుపు బల్బు, రెండూ కలుస్తాయి. ఆటో వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగుని బట్టి కెమెరా చేసే సర్దుబాటు) ఫ్రేము ఫ్రేముకీ మారిపోతుంది. బొమ్మ మీద పడే వెలుతురులోనే గ్రే కార్డు (ఏ రంగూ కలవని బూడిదరంగు అట్ట) పట్టుకుని ఒక ఫోటో తీయండి. ఇంటికొచ్చాక ఎడిటింగ్ యాప్‌లో వైట్ బ్యాలెన్స్ ఐడ్రాపర్‌తో ఆ కార్డు మీద నొక్కి, అవే విలువలు మిగతా వాటికి పెట్టండి. తెల్ల కాగితం వద్దు, దాంట్లో కలిపే తెలుపు మందు వల్ల నీలం వైపు లాగుతుంది. మగ్గంఇల్లు గారూ, కార్డుతో తీసిన రా ఫైళ్లు నా దగ్గర పదకొండున్నాయి. మీకు ఏ అంచు కావాలో చెప్పండి, పంపుతాను.

మగ్గంఇల్లు:
నాట్యమండపంలో ఆడవాళ్ల చీర కొంగులు ఉంటే చాలండి. నాన్నకి చూపిస్తాను.