తిరిగే డ్రమ్ములో గాజు పూసలు దొర్లకుండా జారుతున్నాయి: సిమ్యులేషన్‌లో లోపం ఎక్కడ?

ప్రశ్న:
300 మిల్లీమీటర్ల వ్యాసం గల డ్రమ్మును 3 మిల్లీమీటర్ల గాజు పూసలతో 15 శాతం నింపి, నిమిషానికి 15 చుట్ల వేగంతో తిప్పుతూ, డిస్క్రీట్ ఎలిమెంట్ పద్ధతిలో, అంటే ఒక్కో పూస కదలికనూ విడిగా లెక్కగట్టే పద్ధతిలో, సిమ్యులేషన్ చేస్తున్నాను. ప్రయోగంలో పూసల ఉపరితలం సుమారు 26 డిగ్రీల వాలులో నిలిచి, పై పొర ఎడతెగకుండా కిందికి దొర్లుతూ ఉంటుంది. సిమ్యులేషన్‌లో మాత్రం రాశి అంతా 14 డిగ్రీల దగ్గరే ఆగి, ఒకే ముద్దగా గోడ మీద జారుతోంది. పూసల మధ్య ఘర్షణ గుణకాన్ని 0.3 నుంచి 0.9 దాకా పెంచినా తేడా రాలేదు, గోడకు 0.2 ఇచ్చాను. టైమ్ స్టెప్, అంటే ఒక్కో లెక్కకు మధ్య ఉండే కాల వ్యవధి, తగ్గించి చూడమంటారా?

జవాబు 1:
టైమ్ స్టెప్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. అది మరీ పెద్దదైతే రాశిలో లేని శక్తి పుట్టుకొచ్చి పూసలు ఎగిరిపడతాయే గాని, ఇలా నిదానంగా జారవు. మీ డ్రమ్ముకు ఫ్రూడ్ సంఖ్య, అంటే కోణీయ వేగ వర్గాన్ని వ్యాసార్ధంతో గుణించి గురుత్వ త్వరణంతో భాగిస్తే వచ్చేది, దాదాపు 0.04. ఆ వేగంలో రాశి దొర్లాలి, లేదా పై నుంచి జలపాతంలా దిగాలి. జారుతోందంటే గోడకు దాన్ని పైకి మోసే పట్టు లేదన్నమాట. 26 డిగ్రీల టాంజెంట్ 0.49. పలుచగా నింపిన డ్రమ్ములో గోడ ఘర్షణ దానికంటే బాగా తక్కువైతే, పై పొర దొర్లే వాలు రాకముందే రాశి జారుతుంది. ముద్ద లోపల కదలికే లేనప్పుడు పూసల మధ్య ఘర్షణ ఎంత పెంచినా ఫలితం ఉండదు.

ప్రశ్న అడిగినవారు:
మీరన్నది నిజమేనండీ. ప్రయోగపు డ్రమ్ము లోపల ఉప్పుకాగితం అంటించి ఉన్న సంగతి మరచి, నునుపైన అక్రిలిక్ విలువను ఇచ్చాను. గోడకు 0.7 ఇవ్వగానే పూసలు దొర్లుతున్నాయి, కాని వాలు 22 డిగ్రీలే. దొర్లుడు ఘర్షణను, అంటే పూస దొర్లడాన్ని అడ్డుకునే నిరోధాన్ని, పెంచి ఆ నాలుగు డిగ్రీలూ సరిచేయవచ్చా?

జవాబు 2:
సరిచేయవచ్చు గాని, అది తప్పుడు కారణంతో వచ్చిన సరైన అంకె అవుతుంది. జారుడు ఘర్షణ, దొర్లుడు ఘర్షణల వేర్వేరు జంటలు ఒకే వాలును ఇవ్వగలవు కాబట్టి, ఒక్క కోణంతో రెండు విలువలు తేలవు. ముందు ఇది చెప్పండి: మీ డ్రమ్ము పొడవెంత, సిమ్యులేషన్‌లో రెండు చివరల పలకలు ఉన్నాయా?

ప్రశ్న అడిగినవారు:
పొడవు 30 మిల్లీమీటర్లు. లెక్క తగ్గుతుందని పలకలు తీసేసి, చివరల్లో ఆవర్తన సరిహద్దు (ఒక చివర దాటిన పూస రెండో చివర నుంచి లోపలికి వచ్చే ఏర్పాటు) పెట్టాను.

జవాబు 2:
తేడా చాలావరకు అక్కడే ఉండవచ్చు. పది పూసల వెడల్పు మాత్రమే ఉన్న డ్రమ్ములో పక్క పలకల ఘర్షణ ప్రవాహాన్ని పట్టి ఆపి వాలును పెంచుతుంది. పైగా మీ కెమెరా చూసేది సరిగ్గా ఆ గాజు పలకకు ఆనుకున్న పొరనే. పలకలు తిరిగి పెట్టి, వాటికి విడిగా గాజు ఘర్షణ విలువ ఇచ్చి, కోణాన్ని కూడా పలక పక్కనే కొలవండి. లెక్క భారమైతే పూసల గట్టిదనాన్ని తెలిపే యంగ్స్ మాడ్యులస్‌ను వెయ్యి రెట్లు తగ్గించండి. అప్పుడు టైమ్ స్టెప్ దాదాపు 30 రెట్లు పెంచుకోవచ్చు. అయితే పూసలు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుపోయే లోతు వ్యాసంలో ఒక శాతం దాటకుండా చూసుకోండి. అప్పటికీ వాలు తక్కువగా ఉంటేనే దొర్లుడు ఘర్షణను ముట్టుకోండి.