ఇంటింటా కరెంటు ఉంది, మరి ఇంధన పేదరికం ఎలా కొలవాలి? (కర్నూలు)

హంద్రీ ఒడ్డు:
పీజీ ప్రాజెక్టు కోసం కర్నూలు పాతబస్తీలో, జోహరాపురం వైపు ఇల్లిల్లూ తిరుగుతున్నాను. కరెంటు ఉందా, గ్యాస్ ఉందా అంటే అందరూ ఉందనే అంటున్నారు. మొన్న మధ్యాహ్నం ఒక రేకుల ఇంట్లో పసిబిడ్డ మీద తడిగుడ్డ కప్పి విసనకర్రతో విసురుతున్న తల్లిని చూశాను, ‘ఉంది’ అని రాసుకోవడానికి చేయి రాలేదు. బ్రిటన్‌లో 1991 నాటి కొలత ఒకటుంది, ఇల్లు చాలినంత వెచ్చగా ఉంచుకోవడానికి, మిగతా ఇంధన అవసరాలకు ఆదాయంలో 10 శాతం మించి పెట్టాల్సి వస్తే అది ఇంధన పేదరికం. మనకు కావాల్సింది చల్లదనం. పైగా నా దగ్గరున్నది కట్టిన బిల్లుల లెక్క మాత్రమే, డబ్బుకు భయపడి ఫ్యాన్ ఆపేసే ఇంటికి బిల్లు తక్కువే వస్తుంది కదా. ఇంకేం అడగాలో చెప్పండి.

కడప అక్క:
తమ్ముడూ, రాత్రి ఎక్కడ పడుకుంటారో అడుగు. మాది బండల మిద్దె, పగలు పట్టిన వేడి అర్ధరాత్రి దాకా దిగుతూనే ఉంటుంది. మగవాళ్లు మిద్దె మీదికి పోతారు, నేనూ ఆడపిల్లలూ లోపలే, ఉన్న ఒక్క ఫ్యాన్ వేడిగాలే కొడుతుంది. మా అవ్వ వాళ్ల చౌడు మిద్దెలో (పైన చౌడు మట్టి కప్పినది) ఇంత ఉక్క ఉండేది కాదు. పోయిన ఎండాకాలం మిద్దెకు సున్నం రెండు పూతలు వేయించాం, ఆ తేడా మాత్రం బాగా తెలిసింది. గ్యాస్ ‘ఉందా’ అని అడగొద్దు, చివరి సిలిండర్ ఎప్పుడు తెచ్చారో అడుగు. 2024 నవంబర్‌లో మన ప్రభుత్వం ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం అని మొదలుపెట్టినప్పుడు ముందు మనం కడితే తర్వాత ఖాతాలో పడేది. ఆ ముందు డబ్బు దొరక్క మా పక్కింటామె కట్టెల పొయ్యి మీదే వండింది.

పాత లైన్‌మన్:
మీటర్ ఎవరి పేరున ఉందో తప్పకుండా అడుగు నాయనా. 2022లో వచ్చిన స్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు ఒక్కో యూనిట్‌కు 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6. నెలకు 70 యూనిట్లు కాల్చే ఇంటికి సొంత మీటర్ ఉంటే కరెంటు చార్జీ 177 రూపాయలు. అలాంటి మూడు బాడుగ కుటుంబాలు ఒకే మీటర్ మీద ఉంటే 210 యూనిట్లకు 927, అంటే తలా 309. కాల్చింది అంతే, అయినా పేదవాడికే ఎక్కువ పడుతుంది. ఫ్యాన్ సంగతి కూడా చూడు. పాతది 75 వాట్లు లాగుతుంది, కరెంటు తక్కువ లాగే బీఎల్‌డీసీ మోటారు ఉన్న కొత్త ఫ్యాన్ 30 వాట్లతో తిరుగుతుంది, రోజుకు 15 గంటలు వేస్తే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి. కాకపోతే దాని ధర ఒక్కసారిగా పెట్టాలంటే ఆ ఇళ్లకు కష్టమే.

బుధవారపేట:
2009 అక్టోబర్ 2న మన కర్నూలును ముంచిన వరద గురించి కూడా అడుగు బ్రదర్. నీళ్లు తీశాక కూడా మా వీధికి చాలా రోజులు కరెంటు రాలేదు. మోటారు ఆడక తాగే నీళ్లు లేవు, సెల్ చార్జింగ్ లేక మా నాన్న ఎక్కడున్నాడో తెలియక అమ్మ పడిన టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. ఇన్వర్టర్ ఉన్న ఇల్లు వీధికి ఒకటైనా ఉందా, ఉంటే పక్కవాళ్లను రానిస్తారా, అది రాసుకో.

హంద్రీ ఒడ్డు:
ఆ తల్లి ఉండేది బాడుగ ఇల్లే, మీటర్ సంగతి నేను అడగనే లేదు. ఆదివారం మళ్లీ పోతాను. లైన్‌మన్ గారూ, ఓనరు ఒప్పుకోకపోతే బాడుగవాళ్లకు విడి మీటర్ వచ్చే దారి ఏమైనా ఉందా?