అర్ధరాత్రి సైట్ పడిపోతే ఫోన్ మోగాలి, ఎలా?

ప్రశ్న:
మాది విజయవాడలో పచ్చళ్ల వ్యాపారం. వెబ్‌సైట్ చూసుకునేది నేనొక్కణ్ణే. ఆర్డర్లు ఎక్కువగా అమెరికా నుంచే, అంటే మనం పడుకున్నాక అక్కడ బేరం మొదలు. మొన్న శనివారం రాత్రి 1:40కి సర్వర్‌లో డిస్కు నిండి మైఎస్‌క్యూఎల్ (సైట్ డేటాబేస్) ఆగిపోయింది. డాలస్‌లో అప్పుడు మధ్యాహ్నం మూడు దాటింది. మెయిల్ వచ్చింది, టెలిగ్రామ్‌లోనూ వచ్చింది. ఫోనేమో సైలెంట్‌లో, దిండు కింద. పొద్దున పాలు కాస్తూ చూస్తే పాత కస్టమర్ వాట్సాప్: "ఏవండీ, కొట్టు మూసేశారా?"

అలారంలా కాల్ రావాలి. నెలకు వేలు పోయలేను. ఎవరైనా చేసుకున్నారా?

జవాబు 1:
ట్విలియో అని, ప్రోగ్రామ్‌తో ఫోన్ కాల్స్ చేయించే సేవ ఉంది. దాంతో కాల్ చేయించడానికి చిన్న స్క్రిప్టు చాలు. ట్రయల్ ఖాతాతో మొదలుపెట్టండి. అందులో ముందు వాళ్ల ప్రకటన వస్తుంది, ఏదో ఒక నంబరు నొక్కితేనే మీ సందేశం వినిపిస్తుంది. కాల్ కూడా మీరు వెరిఫై చేసిన నంబరుకే వెళ్తుంది.

స్క్రిప్టును మాత్రం సైట్ ఉన్న సర్వర్‌లో పెట్టొద్దు, అది పోతే ఇదీ పోతుంది. సైట్ నడుస్తోందో లేదో చూసే అప్‌టైమ్ కుమా అనే ప్రోగ్రామ్‌ను నేను వేరేచోట చిన్న వీపీఎస్‌లో (అద్దె సర్వర్‌లో) నడుపుతున్నా. నిమిషానికోసారి చూసి, వరసగా మూడుసార్లు ఫెయిలైతేనే కాల్. మొదట్లో ఒక్క ఫెయిల్‌కే మోగించేవాణ్ణి. వారం తిరిగేసరికి నిద్రలోనే కట్ చేయడం అలవాటైపోయింది.

జవాబు 2:
సైలెంట్‌లో ఉంటే కాల్ వచ్చి ఏం లాభం? ఆండ్రాయిడ్ అయితే రాత్రి సైలెంట్ మానేసి డూ నాట్ డిస్టర్బ్ పెట్టండి. ఆ నంబరు సేవ్ చేసి స్టార్ కొట్టండి, స్టార్ ఉన్నవాళ్ల కాల్స్‌కి అనుమతివ్వండి. ఐఫోన్ అయితే ఆ కాంటాక్ట్ రింగ్‌టోన్‌లో ఎమర్జెన్సీ బైపాస్ ఉంటుంది, సైలెంట్‌లోనూ మోగుతుంది.

ఇంకోటి, హోమ్ పేజీ ఒక్కటే చూసి మురిసిపోకండి. క్యాష్‌లోంచి (ముందే దాచిన కాపీలోంచి) వస్తే డేటాబేస్ చచ్చినా 200, అంటే అంతా బాగుంది అనే చెబుతుంది. డేటాబేస్ తగిలే పేజీ ఒకటి తీసుకుని, అందులో ఒక పదం కనబడుతోందా లేదా అని చూడమనండి.

జవాబు 3:
నేనైతే ఎత్తను కూడా. ఆ నంబరు నుంచి మిస్డ్ కాల్ ఉందంటే సైట్ పోయినట్టే, లేచి ల్యాప్‌టాప్ తెరుస్తా.

అడిగినవాణ్ణి:
అందరికీ థ్యాంక్స్. డిస్కు నింపే పాత లాగ్‌లను (సర్వర్ రాసుకునే చిట్టాలను) తీసేసే పని లాగ్‌రొటేట్ అనే ప్రోగ్రామ్‌కి అప్పగించా. డిస్కు 80 శాతం నిండితే పగలే మెయిల్ వస్తుంది.

నిన్న మధ్యాహ్నం కావాలనే మైఎస్‌క్యూఎల్ ఆపి చూశా. నాలుగో నిమిషంలో ఫోన్ మోగింది. చేతులకి ఆవకాయ కారం, మా ఆవిణ్ణి ఎత్తమన్నా. "ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతోంది, లోన్ వాళ్లనుకుంటా" అని పెట్టేసింది.

డబ్బు కట్టి ట్రయల్ వదిలించుకున్నా. సందేశం ఇప్పుడు మా ఆవిడ గొంతులోనే రికార్డు చేయించా: "ఏవండోయ్, సైట్ పడిపోయింది, లేవండి!" ఆ గొంతుకైతే తప్పకుండా లేస్తాను.