ఐబీఎస్‌కి వాము పనిచేసిందా? వాడినవాళ్లు చెప్పండి

మియాపూర్_కుర్రాడు:
రెండేళ్లుగా ఐబీఎస్ (పేగులో పుండూ వాపూ ఏమీ కనపడకపోయినా కడుపునొప్పి, మోషన్స్ తేడాలు వచ్చే సమస్య). ఆఫీసుకు బయల్దేరే లోపే మూడుసార్లు బాత్రూం. హైటెక్ సిటీ వెళ్లాలంటే అమీర్‌పేటలో మెట్రో మారాలి కదా, సరిగ్గా అక్కడే కడుపు మెలిపెడుతుంది. కొలనోస్కోపీ, రక్తపరీక్షలు అన్నీ నార్మలే. అమ్మ ఊరినుంచి ఫోన్ చేసి, అన్నం తిన్నాక వాము నమలమంటోంది. ఎవరికైనా తగ్గిందా?

కూకట్‌పల్లి_అక్క:
నాకు ఉబ్బరం తగ్గింది తమ్ముడూ. మోషన్స్ మాత్రం ఎప్పటిలాగే. నమలకు, నోరు మండుతుంది. అర స్పూను వాము రెండు గ్లాసుల నీళ్లలో వేసి, ఒక గ్లాసు అయ్యేదాకా మరిగించి, వడగట్టి తాగుతాను.

చాయ్_మానలేను:
నాకైతే వాముతో ఛాతీలో మంట మొదలైంది, వారానికే ఆపేశాను. బిర్యానీ తిని వాము నమిలితే ఏం లాభం అంటుంది మా ఆవిడ. నిజమే. రెండు వారాలు ఉల్లి, వెల్లుల్లి మానేశాక అసలు సంగతి తెలిసింది. వాటిలోని ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలు చిన్నపేగులో అరగవట. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్. మెల్‌బోర్న్‌లోని మొనాష్ యూనివర్సిటీ వాళ్ల ఫోడ్‌మ్యాప్ డైట్‌లో (ఇలా అరగక పులిసే పదార్థాలను మాన్పించి చూసే పద్ధతి) మొదట మాన్పించేవాటిలో ఇవీ ఉన్నాయి. వెల్లుల్లి వాసన లేకపోతే ముద్ద దిగదనుకుంటే, రెబ్బలు నూనెలో వేయించి తీసి పారేయండి. ఫ్రక్టాన్లు నూనెలోకి దిగవు. చాయ్ మాత్రం మానలేదు, పేరు చూశారుగా.

పోపు_డబ్బా:
ఉల్లి బదులు ఇంగువ వేస్తే సరి!

కూకట్‌పల్లి_అక్క:
డబ్బా వెనక చదివారా? మనం కొనే ఇంగువలో చాలావరకు గోధుమపిండో మైదానో కలుస్తుంది. పోపులో చిటికెడుకి ఏమీ కాదు గానీ, సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు) ఉన్నవాళ్లు చూసుకోవాలి.

నైట్_డ్యూటీ_నర్సు:
వాము కంటే పుదీనా నూనె క్యాప్సూల్స్‌కి ఆధారాలు ఎక్కువ. పేగు కండరాల బిగుతును సడలిస్తాయి. అమెరికా గ్యాస్ట్రో వైద్యుల 2021 మార్గదర్శకాల్లోనూ ఉన్నాయి. ఛాతీమంట ఉన్న అన్నగారికి మాత్రం పడకపోవచ్చు. మలంలో రక్తం, బరువు తగ్గడం, రక్తహీనత, నిద్రలోంచి లేపే విరేచనాలు, వీటిలో ఏది ఉన్నా ఇంటి చిట్కాలతో రోజులు గడపకండి, డాక్టరు దగ్గరికి వెళ్లండి.

మియాపూర్_కుర్రాడు:
మూడు వారాలైంది. రోజూ వాము నీళ్లు, ఉల్లి లేని కూరలు. ఉబ్బరం సగానికి సగం తగ్గింది. అమీర్‌పేటలో దిగగానే బాత్రూం ఎటుందో చూసుకోవడం మాత్రం పోలేదు. అమ్మ గొప్పంతా వాముదే అంటోంది. ఉల్లి మానేసిన సంగతి ఇంకా చెప్పలేదు.