నాన్నతో స్కాట్లాండ్ గోల్ఫ్ ట్రిప్: ఓల్డ్ కోర్సు లాటరీని నమ్ముకుని వెళ్లొచ్చా?

లీడ్స్_కుర్రాడు:
అందరికీ నమస్తే. నేను లీడ్స్‌లో ఉద్యోగం చేస్తున్నాను. మా నాన్నగారు నేవీలో చేసి వైజాగ్‌లో రిటైరయ్యారు, వయసు 68. హ్యాండిక్యాప్ (మంచి ఆటగాడి లెక్క కంటే సుమారుగా ఎన్ని షాట్లు ఎక్కువ పడతాయో చెప్పే అంకె) 22, నాది 27, అంటే ఇద్దరిలో ఎవరమూ గొప్ప ఆటగాళ్లం కాదు. ఆయనకి మాత్రం గోల్ఫ్ అంటే ప్రాణం. 1999 బ్రిటిష్ ఓపెన్ టోర్నీలో ఫ్రెంచ్ ఆటగాడు వాన్ డి వెల్డె మూడు షాట్ల ఆధిక్యంతో ఆఖరి హోల్‌కి వచ్చి, బూట్లు విప్పి ప్యాంటు పైకి మడిచి కార్నూస్టీ కోర్సులోని కాలవలో దిగి నిలబడ్డ కథ మా ఇంట్లో వందసార్లు విన్నాం, అమ్మ కూడా అప్పజెప్పేస్తుంది.

వచ్చే జూన్‌లో అమ్మానాన్న ఇక్కడికి వస్తున్నారు. ఆరు రోజుల్లో సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు, కార్నూస్టీ, నార్త్ బెర్విక్, మ్యూర్‌ఫీల్డ్, రాయల్ డోర్నోక్ అనుకున్నాను. ఓల్డ్ కోర్సులో ఆడే ఛాన్సుకి లాటరీ అంటున్నారు, తగలకపోతే ఆయన మొహం ఎలా చూడాలో అని నాకు టెన్షన్. ఏజెంటుకి ఎక్కువిచ్చి ఖాయం చేసుకోవడం మేలా? ఇంకోటి, ఆయనకి కుడి మోకాలు కొంచెం ఇబ్బంది, కానీ అడిగితే ఒప్పుకోరు.

బోగీబాబు:
ఎడిన్‌బరోలో తొమ్మిదేళ్లుగా ఉంటున్నా, కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా. ముందు లిస్టులోంచి డోర్నోక్ కొట్టెయ్ బ్రో. కోర్సు బ్రహ్మాండం, కాదనను, కానీ అది ఇన్వర్‌నెస్ దాటాక ఎక్కడో ఉంది, పోనూ రానూ నీ ఆరు రోజుల్లో ఒకటిన్నర కారులోనే అయిపోతాయి. మ్యూర్‌ఫీల్డ్ ప్రైవేటు క్లబ్బు, బయటివాళ్లని వారంలో కొన్ని రోజులే రానిస్తారు, అవి చాలా ముందే నిండిపోతాయి. ఇప్పటిదాకా బుక్ చెయ్యకపోతే మర్చిపో.

లాటరీ సంగతి. నువ్వు ఆడాలనుకున్న రోజుకి రెండు రోజుల ముందు, మధ్యాహ్నం 2 లోపు పేర్లివ్వాలి. కనీసం ఇద్దరుండాలి, మీరిద్దరూ సరిపోతారు. సాయంత్రానికి ఫలితం తెలుస్తుంది. ఆదివారం మామూలుగా ఓల్డ్ కోర్సులో ఆట ఉండదు, ఊరి జనం కుక్కల్ని తీసుకుని షికారుకొస్తారు. నువ్వు చెయ్యాల్సిందల్లా ఏ ఊరూ తిరక్కుండా సెయింట్ ఆండ్రూస్‌లోనే నాలుగైదు రాత్రులు మకాం వేసి రోజూ పేర్లివ్వడం. ఒక్కరోజుకే వచ్చి తగల్లేదని ఏడిస్తే ఎవరేం చేస్తారు? లాటరీ రాకపోతే సింగిల్స్ డ్రా (ఒక్కొక్కరినీ విడిగా వేరే గుంపుల్లో కలిపేది) ఇంకోటుంది, ముందురోజు స్వయంగా అక్కడికెళ్లి పేరివ్వాలి. అప్పుడు నువ్వో గుంపులో, ఆయనో గుంపులో పడే అవకాశమే ఎక్కువ. ఆ పక్కనే 1895 నాటి న్యూ కోర్సు ఉంది (పేరే కొత్త!), దానిలో ఒక టీ టైమ్ (ఆట మొదలుపెట్టే స్లాటు) ముందే పెట్టుకుంటే ఖాళీగా కూర్చోరు.

ఏజెంటు విషయంలో నా చేతులు కాలాయి. మా బావమరిది వచ్చినప్పుడు ఒకతను 'ఖాయం' అని అడ్వాన్సు తీసుకుని, చివరికి చేసింది మా పేర్లు అదే లాటరీలో వెయ్యడం. ఆ పని ఫ్రీగా మనమే చేసుకోవచ్చు. నిజంగా ఖాయం చేసే ప్యాకేజీలు లేకపోలేదు, రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి. నాన్నగారి హ్యాండిక్యాప్ సర్టిఫికెట్ మాత్రం క్లబ్బు నుంచి తాజాగా తీసుకురమ్మను, అక్కడ అడుగుతారు.

రెండో_షాట్:
నాదో వేరే మాట. ఓల్డ్ కోర్సుకి ఇంత హంగామా ఎందుకో నాకర్థం కాలేదు. మొదటిసారి ఆడేవాడికి ఎటు కొట్టాలో కనిపించదు, మధ్యలో కొట్టాననుకుంటే బాల్ బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో ఉంటుంది. నార్త్ బెర్విక్ చూడండి. పదమూడో హోల్‌లో గ్రీన్‌కి (చివర్లో గుంట ఉండే నున్నటి గడ్డికి) ముందు పాత రాతి గోడ, దాని మీదుగా బాల్ లేపాలి. పదిహేనోది రెడాన్, ప్రపంచమంతా కాపీ కొట్టిన హోల్. అక్కడ నాకు పట్టిన నవ్వు ఇంకెక్కడా పట్టలేదు.

బోగీబాబు:
@రెండో_షాట్ కేడీని (బ్యాగు మోస్తూ ఎటు కొట్టాలో చెప్పేవాణ్ని) పెట్టుకోకుండా ఆడి ఉంటావ్! ఓల్డ్ కోర్సులో ఏడు గ్రీన్లు రెండేసి హోళ్లకి ఉమ్మడి, ఆ జంటల నంబర్లు కలిపితే ఎప్పుడూ 18. రెండూ పదహారు, మూడూ పదిహేను, అలా. ఇవన్నీ పక్కనుండి ఎవరైనా చెప్తేనే దాని మజా.

విశాఖ_పెద్దాయన:
బాబూ, నేను తండ్రి వైపు నుంచి రాస్తున్నాను. నాకు 71. మూడేళ్ల క్రితం మా అమ్మాయి తీసుకెళ్లింది. వరసగా మూడు రోజులు మూడు కోర్సులు పెట్టింది. మొదటి రోజు స్వర్గం. రెండో రోజు ఫరవాలేదు. మూడో రోజు పదో హోల్ దగ్గర మోకాలు మొరాయించింది, అమ్మాయి అంత ఖర్చు పెట్టిందే అని నోరెత్తకుండా 'గాలి ఎక్కువగా ఉందమ్మా, కాసేపు కూర్చుందాం' అంటూ లాక్కొచ్చాను. మీ నాన్నగారూ అదే చేస్తారు. రోజు విడిచి రోజు పెట్టండి. ఓల్డ్ కోర్సు నడిచి ఆడేదే, కానీ నేల చాలావరకు చదును, మోకాలికి అంత భయం లేదు. బ్యాగు మాత్రం కేడీకి ఇచ్చెయ్యండి.

ఇంకో సలహా, రేటు ఆయనకి ముందు చెప్పకండి. నాకు చెప్పేసింది. సీజన్‌లో మూడొందల పౌండ్ల పైమాటే, మన డబ్బుల్లో ముప్పై వేలు దాటిందని తెలిశాక ఒక్కో షాట్‌కి ఎంత పడుతోందో లెక్కేసుకుంటూ ఆడాను. మొత్తం 108 షాట్లు కొట్టాను. ఎన్ని ఎక్కువ కొడితే షాట్ అంత చవక కదా అని పదిహేడో హోల్‌లో సర్దిచెప్పుకున్నాను. అక్కడ హోటల్ షెడ్ల మీదుగా కొట్టాలి, మొదటి బాల్ షెడ్డుకే తగిలింది. కేడీ ఏదో అన్నాడు, ఆ యాసలో ఒక్క ముక్కా అర్థం కాలేదు, తిట్టలేదనే అనుకుంటున్నాను.

మన బీచ్ గాలి అలవాటే కదా అనుకున్నాను. ఈ గాలి వేరు. పైగా వెళ్లేటప్పుడు ఎదురొచ్చింది, తిరిగొచ్చేటప్పుడు వెనకనుంచి వస్తుందనుకుంటే అప్పటికి దిక్కు మారింది.

లీడ్స్_కుర్రాడు:
అంకుల్, చాలా థాంక్స్. రాత్రి ఫోన్ చేసి మోకాలి గురించి అడిగితే 'దానికేం, బానే ఉంది' అన్నారు, వెనక నుంచి అమ్మ 'మెట్లెక్కేటప్పుడు చూడు' అంది. కాబట్టి ప్లాన్ మార్చాను. ఐదు రాత్రులు సెయింట్ ఆండ్రూస్‌లోనే, రోజూ లాటరీలో పేర్లు. కార్నూస్టీ బుక్ చేశాను, ఆ కాలవ ఆయన కళ్లతో చూడాలి. న్యూ కోర్సు ఒక రోజు. వెళ్లేదారిలో కుదిరితే నార్త్ బెర్విక్, లేకపోతే లేదు. లాటరీ అస్సలు తగలకపోతే ఆదివారం ఓల్డ్ కోర్సులోని పాత రాతి వంతెన, స్విల్కన్ బ్రిడ్జి మీద ఫొటో అయినా దిగుతాం.

ఒక్కటే మిగిలింది. 'మీరిద్దరూ గంటలకొద్దీ గడ్డిలో తిరుగుతుంటే నేనేం చెయ్యాలి?' అని అమ్మ అడుగుతోంది.

బోగీబాబు:
ఓల్డ్ కోర్సు పక్కనే హిమాలయాస్ అని పుటింగ్ గ్రీన్ (బాల్‌ని నెమ్మదిగా దొర్లించి గుంటలో వేసే ఆటకే ఉన్న చోటు) ఉంది, నేలంతా గుట్టలూ గుంటలూ. 1867లో పెట్టిన ఆడవాళ్ల పుటింగ్ క్లబ్బుది, బయటివాళ్లకీ కొన్ని గంటలు వదులుతారు, నాలుగు పౌండ్లో ఎంతో ఇస్తే పుటరూ బాలూ వాళ్లే ఇస్తారు. మా ఆవిడ జీవితంలో క్లబ్ పట్టుకోలేదు, అక్కడ నన్ను ఓడించింది. ముగ్గురూ వెళ్లండి. ఆంటీ ఎంత కొట్టారో ఇక్కడ రాయడం మర్చిపోకు. వానకి ప్యాంటు కూడా కొను, జాకెట్టొక్కటే చాలదు.